గాజు తొట్టె ముందు కూర్చున్న డాక్టరు

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు ఇంట్లో ఆక్వేరియం పెట్టుకున్న ఫ్రెండ్స్ ఎవరైనా ఉంటే, సిక్లిడ్ల సంగతి ఒకసారి అడిగి చూడండి. గప్పీల గురించి, గోల్డ్‌ఫిష్ గురించి అయితే ఉత్సాహంగా చెప్తారు. సిక్లిడ్లు అనేసరికి మొహం మారిపోతుంది. షాపుల్లో ఆస్కార్, ఫ్లవర్‌హార్న్ అని అమ్మేవన్నీ ఈ కుటుంబమే. రెండు రకాలు ఒకే తొట్టెలో వేస్తే కొట్టుకుంటాయి. పోనీ ఒక జత కుదిరింది కదా అని మిగతావాటిని తీసేసి వాటికి ఏకాంతం ఇస్తే ఒక్కోసారి ఇంకా ఘోరం. మగ చేప తన జంటనే కొరికి చంపేస్తుంది.

ఈ రెండో సంగతి ఎందుకు జరుగుతుందని పట్టుబట్టి ఆలోచించిన మనిషి కాన్రాడ్ లోరెంజ్. బాతుపిల్లలు వరసగా ఒక గడ్డపాయన వెనక నడుస్తున్న ఫోటో మనలో చాలామంది చూసే ఉంటాం. ఆయనే ఈయన. అందరూ బాతులతోనే గుర్తుపెట్టుకుంటారు గానీ, మనుషుల గురించి ఆయన చెప్పిన పెద్ద మాటల్లో సగం చేపల తొట్టె ముందు పుట్టినవే.

సిక్లిడ్ మనకేమీ పరాయి చేప కాదు. మన చెరువుల్లో, పంట బోదెల్లో పిలవని చుట్టంలా చేరిపోయిన తిలాపియా సిక్లిడ్డే. ఆఫ్రికా చేప, 1952లో మన దేశానికి తెచ్చారు. గుడ్లనీ పిల్లల్నీ తల్లి నోట్లోనే దాచుకుని కాపాడుతుంది, ఇక వదిలించుకోవడం ఎవరి తరం? మన దేశంలో సహజంగా ఉన్న సిక్లిడ్లు మాత్రం మూడే మూడు. ఉప్పునీరూ మంచినీరూ కలిసే పాయల్లో దొరికే పెర్ల్ స్పాట్ ఒకటి (కేరళవాళ్లు కరిమీన్ అని ప్రాణం పెట్టేది దీనికే). కర్ణాటక వైపు దొరికే దాని దగ్గరి బంధువు రెండోది. అరచేతిలో ఇమిడిపోయే పసుపు పచ్చని ఆరెంజ్ క్రోమైడ్ మూడోది. ఈ మూడోదాన్ని గుర్తుంచుకోండి, మళ్లీ వస్తుంది.

లోరెంజ్ 1903 నవంబరు 7న వియన్నాలో పుట్టాడు. తండ్రి అడాల్ఫ్ లోరెంజ్ ఆ రోజుల్లో ప్రపంచమంతా తెలిసిన ఎముకల డాక్టరు. డాన్యూబ్ నది ఒడ్డున ఆల్టెన్‌బెర్గ్ అనే ఊళ్లో పెద్ద బంగళా, చుట్టూ తోట, దగ్గర్లోనే వరద నీళ్లు నిలిచే అడవులు. గోదావరి పాయల మధ్య పెరిగినవాళ్లకి అలాంటి బాల్యం ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. చిన్న వల పట్టుకుని కుంటల్లో చేపల మేత కోసం దేవడం, దొరికిన ప్రతి ప్రాణినీ ఇంటికి మోసుకురావడం ఆ పిల్లాడి పని. ఒక బాతుపిల్ల చేతికొచ్చింది, అది ఆయన్నే తల్లి అనుకుని వెంట తిరిగింది. అప్పుడు ఆటల్లో తోడున్న మార్గరెట్ అనే అమ్మాయే 1927లో ఆయన భార్య అయింది.

తండ్రికి కొడుకు డాక్టరే కావాలి. (ఈ కథ మన క్లాసులో సగం మందికి తెలిసినదే, కోర్సు పేరే వేరు.) 1922లో న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీకి పంపించాడు. కొన్నాళ్లకే తిరిగొచ్చి వియన్నాలో మెడిసిన్ చదివి 1928లో డాక్టరయ్యాడు. తండ్రి మాట చెల్లింది కాబట్టి ఇక తన మాట చెల్లించుకున్నాడు: 1933లో జంతుశాస్త్రంలో ఇంకో డాక్టరేట్. ఇంటి నిండా కాకి జాతి పక్షులు, పెద్దబాతులు, చేపల తొట్టెలు. జీతం మాత్రం లేదు. డాక్టరైన భార్య సంపాదనే ఇంటికి పెద్ద ఆసరా.

ఆయన ఆక్వేరియం పెట్టే పద్ధతి మనం నేర్చుకోదగ్గది. గాజు తొట్టెలో అడుగున ఇసుక, కుంట నుంచి తెచ్చిన నీళ్లు, కొన్ని నీటి మొక్కలు. మొక్కలు కుదురుకున్నాక లెక్కపెట్టి కొన్ని చిన్న చేపలు. పంపు అక్కర్లేదు, ఫిల్టర్ అక్కర్లేదు. మొక్క ఇచ్చే ఆక్సిజన్ చేపకి, చేప వదిలేది మొక్కకి. ముచ్చటగా ఉందని ఇంకొక్క చేప వేశామా, లెక్క తప్పి తొట్టె మొత్తం కుళ్లిపోతుంది. షాపువాళ్లు ఈ మాట మనకు ఎందుకు చెప్పరో ఊహించుకోవచ్చు.

ఆయన రాసిన చేపల కథల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది జ్యూయెల్ ఫిష్ అనే ఆఫ్రికా సిక్లిడ్‌ది. పొద్దుగూకే వేళ తండ్రి చేప తొట్టెంతా తిరిగి, దారి తప్పిన పిల్లల్ని నోటితో అందుకుని ఇసుకలో తవ్విన గూటికి చేరుస్తుంది. ఒకరోజు ఆలస్యంగా లోరెంజ్ వానపాము ముక్కలు వేశాడు. తండ్రి చేప ఒక ముక్క నోట్లో పెట్టుకుని నములుతుండగా ఎదురుగా ఒక పిల్ల ఈదుకుంటూ పోతోంది. వెంటనే దాన్నీ నోట్లోకి తీసుకుంది. ఇప్పుడు ఒకే నోట్లో తిండి ఉంది, బిడ్డా ఉంది. ఒకటి కడుపులోకి పోవాలి, ఇంకొకటి గూటికి పోవాలి. చేప కొన్ని క్షణాల పాటు కదలకుండా నిలబడిపోయింది. తర్వాత రెండిటినీ ఉమ్మేసింది. ముందు పాముని తీరిగ్గా తింది, ఒక కన్ను మాత్రం అడుగున పడి ఉన్న పిల్ల మీదే. తినడం అయ్యాక పిల్లని నోట కరుచుకుని ఇంటికి తీసుకెళ్లింది. చూస్తున్న స్టూడెంట్స్ చప్పట్లు కొట్టారట. చేప ఆలోచించింది అని తేల్చి చెప్పడం తేలిక. అన్ని గంటలు తొట్టె ముందు ఓపిగ్గా కూర్చోవడమే కష్టం. ఆ ఓపిక ఆయనకి ఉంది.

అదే మనిషి 1938లో, ఆస్ట్రియాని హిట్లర్ కలిపేసుకున్న ఏడాదే, నాజీ పార్టీలో చేరాడు. 1940లో కోనిగ్స్‌బెర్గ్ యూనివర్సిటీలో ప్రొఫెసర్ పదవి వచ్చింది. అదే ఏడాది ఒక వ్యాసం రాశాడు. పెంపుడు జంతువుల్లో సహజ గుణాలు చెడిపోయినట్టే నాగరికతలో మనుషులూ చెడిపోతున్నారని, అలాంటివారిని ఏరివేయాలని దాని సారాంశం. ఎవరి పాలనలో, ఏ రోజుల్లో ఆ మాట రాశాడో చూడండి. అడవి బాతుకీ పెంపుడు బాతుకీ తేడా అంత చక్కగా పట్టుకున్న కన్ను, ఆ తేడాని తీసుకెళ్లి మనుషుల మీద పెట్టేసింది. దీన్ని ఆయన గొప్పతనం పక్కన ఒక చిన్న మచ్చగా రాసి వదిలేసే వ్యాసాలున్నాయి. నాకది ఒప్పుకోబుద్ధి కాదు. ఆయన దగ్గరి మిత్రుడు, డచ్ శాస్త్రవేత్త నికో టిన్‌బర్గెన్, యూదు సహోద్యోగుల్ని తీసేయడాన్ని వ్యతిరేకించినందుకు 1942 నుంచి రెండేళ్లు నాజీల దగ్గర బందీగా ఉన్నాడు. అంటే ఆ రోజుల్లో కూడా ఇంకో దారి ఉంది, పక్కవాడే ఆ దారిలో నడిచాడు.

1941లో సైన్యంలోకి తీసుకున్నారు, 1944లో రష్యన్లకి చిక్కాడు. అర్మేనియాలోని క్యాంపులో ఖైదీగా, డాక్టరుగా ఉంటూనే ఒక పుస్తకం రాశాడు. సిమెంటు బస్తాల కాగితం, సిరాకి బదులు పొటాషియం పర్మాంగనేట్. 1948లో ఇంటికొచ్చేటప్పుడు ఆ కాగితాలతో పాటు తను పెంచిన ఒక గోరింక జాతి పక్షినీ వెంట తెచ్చుకున్నాడు. మరుసటేడు కేంబ్రిడ్జ్‌లో టిన్‌బర్గెన్‌తో మళ్లీ కలిశాడు. ఆ స్నేహం ఎలా అతుక్కుందో తలుచుకుంటే, క్షమించినవాడే పెద్దవాడు అనిపిస్తుంది.

ఆ రోజుల్లోనే ఆయన ఒక మోడల్ గీశాడు. మన హైడ్రాలిక్స్ ల్యాబ్‌లోది అనుకోండి: పైన కుళాయి నుంచి ధారగా నీళ్లు పడే ట్యాంకు, అడుగున స్ప్రింగ్ బిగించిన వాల్వ్. ప్రాణిలోని ప్రతి సహజ ప్రేరణా ఇలా నిండుతూ ఉంటుంది. బయట తగిన కారణం కనిపిస్తే వాల్వ్ తెరుచుకుంటుంది. కనిపించకపోతే నిండి నిండి చిన్న కారణానికే పొంగిపోతుంది.

కోపమూ అంతే అని 1963లో ఆయన ఒక పుస్తకమే రాశాడు. సాక్ష్యం ఎక్కడిదంటే మళ్లీ ఆక్వేరియమే. పాతిక రకాల సముద్రపు చేపలు కలిపి పెంచిన తొట్టెలో కాట్లు లెక్కపెడితే, నూటికి దాదాపు 85 సొంత జాతి మీదే. వేరే రంగు చేపతో సర్దుకుపోతుంది, తనలాంటిదే కనిపిస్తే ఊరుకోదు. సిక్లిడ్ జంటల్లో మగది కోపంగా ఆడదాని మీదికి దూసుకొచ్చి, చివరి క్షణంలో పక్కకి తప్పుకుని వెళ్లి పొరుగు చేపని కొడుతుంది. ఆ పొరుగు చేప లేకపోతే? మన ఆరెంజ్ క్రోమైడ్ ఇక్కడే వస్తుంది. తొట్టెలోంచి మిగతావాటిని తీసేస్తే మగది పెళ్లాం పిల్లల మీదే విరుచుకుపడుతుందని ఆయన చూపించాడు. విరుగుడు కూడా చెప్పాడు. మధ్యలో గాజు పలక పెట్టి అవతల ఇంకో జంటని ఉంచాలి. రెండు మగాళ్లూ గాజు మీద ఒకరినొకరు తిట్టుకుంటూ ఇంట్లో మర్యాదగా ఉంటారు. గాజుకి పాచి పట్టి అవతలివాడు కనిపించడం తగ్గితే, ఇవతల సంసారంలో గొడవ మొదలవుతుంది.

ఆయన శిష్యురాలొకామె ఇంకొకటి పట్టుకుంది. మగ సిక్లిడ్‌లో కోపం, శృంగారం కలిసి ఉండగలవు, భయం మాత్రం రెండోదాన్ని చంపేస్తుంది. ఆడదానిలో భయం ఉన్నా పర్వాలేదు, కోపం వస్తే జత కుదరదు. జత కట్టేటప్పుడు మగది కాస్త పెద్దదిగా ఉండాలని పెంపకందార్లు చెప్పేదానికి ఇది సరిపోతుంది.

ఇక్కడిదాకా బాగుంది. కానీ లోరెంజ్ అక్కడ ఆగలేదు. పనిమనుషుల్ని కొన్ని నెలలకోసారి మార్చేసే తన బంధువొకావిడ, క్యాంపులో తోటివాళ్ల దగ్గు కూడా భరించలేకపోయిన ఖైదీలు, చివరికి దేశాల మధ్య యుద్ధాలు: అన్నీ అదే ట్యాంకు, అదే వాల్వ్ అన్నాడు. అంటే మనిషిలో కోపం కారణం లేకుండానే ఊరుతుంది, ఆటల్లోనో ఎక్కడో దాన్ని వదిలించుకోవాలి. పుస్తకం విపరీతంగా అమ్ముడుపోయింది. ఎదురుదెబ్బ కూడా తొట్టెలోంచే వచ్చింది. ఆయన సంస్థలోనే పనిచేసిన వాల్టర్ హైలిగెన్‌బెర్గ్ ఇంకొకరితో కలిసి 1972లో ఒక ఆఫ్రికా సిక్లిడ్ మీద చేసిన ప్రయోగాల్లో, రెచ్చగొట్టేది ఏదీ కనిపించకుండా ఒంటరిగా ఉంచిన మగ చేపల్లో దాడి చేసే గుణం పెరగలేదు, రోజురోజుకీ తగ్గింది. కోపంగా ఉన్న ప్రత్యర్థి మొహం బొమ్మ చూపిస్తే పెరిగింది. కుళాయి లోపల లేదు, ఎక్కువభాగం బయటే ఉంది. మోడల్ అందంగా ఉండటం వేరు, రీడింగులు సరిపోవడం వేరు.

మరుసటేడే, 1973లో, టిన్‌బర్గెన్‌తో, తేనెటీగల కార్ల్ ఫాన్ ఫ్రిష్‌తో కలిపి ఆయనకి నోబెల్ ఇచ్చారు. 1940 వ్యాసం మళ్లీ బయటికొచ్చింది. నాజీల భాష వాడినందుకు చింతిస్తున్నానన్నాడు గానీ, భాష వెనక ఉన్న ఆలోచనని పూర్తిగా వదులుకున్నట్టు కనిపించదు. 1983లో ఇచ్చిన గౌరవ డాక్టరేట్‌ని సాల్జ్‌బర్గ్ యూనివర్సిటీ 2015లో వెనక్కి తీసుకుంది.

రిటైరయ్యాక ఆల్టెన్‌బెర్గ్ ఇంటికే తిరిగొచ్చి ఒక పెద్ద ఉప్పునీటి ఆక్వేరియం కట్టించుకున్నాడు. 1984లో డాన్యూబ్ మీద హైన్‌బర్గ్ దగ్గర విద్యుత్ ఆనకట్ట కట్టబోతే, చిన్నప్పుడు వల వేసిన లాంటి వరద అడవులు మునిగిపోతాయని జనం అడ్డుపడ్డారు. ఆ ఉద్యమం తరఫున పెట్టిన సంతకాల పిలుపుకి ఆయన పేరే పెట్టారు. 1989 ఫిబ్రవరి 27న, 85వ ఏట చనిపోయాడు. ఆనకట్ట కట్టలేదు. ఆ అడవుల్ని 1996లో జాతీయ పార్కుగా ప్రకటించారు.