ఇంజనుకు ఊపిరి కొలత నేర్పిన ఆల్ఫ్రెడ్ బ్యూకి

వరికోతలు ముగిసినంతనే బాన్సువాడ ప్రాంతపు రహదారులు లారీలతో నిండిపోవును. నిజాంసాగరు కాలువ నీటితో పండిన వడ్లు బస్తాల కెక్కును. బస్తాలు లారీల కెక్కి మిల్లుల వైపు సాగును. నిండు బరువుతో లారీ వేగ మందుకొనునప్పుడు ఇంజను మ్రోతతో పాటు సన్నని ఈల వంటి ధ్వని యొకటి వినవచ్చును. ఆ ఈల టర్బోఛార్జరుది. తన పేరు ఇంధనమునకే స్థిరపడినందున రుడాల్ఫ్ డీజిల్‌ను లోకము మరువలేదు. కాని ఆయన యంత్రమునకు రెట్టింపు ఊపిరి నిచ్చిన ఆల్ఫ్రెడ్ బ్యూకిని ఎరిగినవారు అరుదు. ఆయన జీవితము విద్యార్థులు తెలిసికొనదగినది. ఒక మంచి ఊహకును, అది పనిచేయుటకును నడుమ ఎంత దూర ముండునో అది చూపును.

బ్యూకి 1879 జూలై 11వ తేదీన స్విట్జర్లండు దేశములోని వింటర్‌థూర్ పట్టణమున జన్మించినాడు. ఆ పట్టణము యంత్రకర్మాగారములకు పెట్టినది పేరు. సుల్జర్ సోదరుల సుప్రసిద్ధ సంస్థ అచ్చటిదే. బ్యూకి తండ్రి యోహాన్ ఆ సంస్థలో ఉన్నతోద్యోగి. అందువలన బాలుడు ఆవిరి యంత్రముల నడుమనే పెరిగినాడని చెప్పవచ్చును. 1899లో జ్యూరిచ్ నగరమందలి ఫెడరల్ పాలిటెక్నిక్‌లో చేరి, 1903లో యంత్రశాస్త్రమున పట్టము పొందినాడు. ఐన్‌స్టైన్ పట్టము పొందినది కూడ ఆ విద్యాలయముననే, 1900లో. చదువు ముగిసిన పిదప బ్యూకి బెల్జియము, ఇంగ్లండు దేశములలో కొంతకాలము పనిచేసినాడు.

ఆ యువకుని మనస్సును కలతపెట్టినది ఒక వృథా వ్యయము. ఇంజనులో మండిన నూనె నుండి పుట్టిన వేడిలో ఇంచుమించు మూడవ వంతు మాత్రమే చక్రమును త్రిప్పుటకు వినియోగపడును. తక్కినదానిలో పెద్ద భాగము పొగగొట్టము గుండ ఆకాశములో కలిసిపోవును. ఆ వేడి పొగకు బలమున్నది, వేగమున్నది. దానిచేత ఒక చిన్న చక్రమును త్రిప్పించి, ఆ చక్రముచేత గాలిని ఒత్తించి సిలిండరులోనికి పంపినచో ఏమగును? కమ్మరి తిత్తి ఊదినకొలది కొలిమి ప్రజ్వరిల్లును గదా! గాలి ఎక్కువైన సిలిండరులో ఎక్కువ నూనె మండును. అదే పరిమాణముగల ఇంజను ఎక్కువ బరువును లాగును. తిత్తి ఊదుటకు వేరొక మనిషి అక్కరలేదు. పోవు పొగయే ఆ పని చేయును. ఈ ఊహకు 1905 నవంబరు 16వ తేదీన జర్మను సామ్రాజ్య పేటెంటు కార్యాలయము హక్కు నిచ్చినది. అప్పటికి బ్యూకి వయస్సు ఇరువదియారు సంవత్సరములు.

ఊహ కాగితముపై నిలిచినది గాని, ఇనుములో నిలుచుటకు ఇరువది సంవత్సరములు పట్టినది. కారణమేమి? పొగచే తిరుగు చక్రము ఊరకనే తిరుగదు. అది పొగ మార్గమున కడ్డము నిలిచియే తిరుగును. దీనిని చెరువు తూముతో పోల్చవచ్చును. తూము ఇరుకైనచో నీరు ఉరికి దూకును గాని, వరద వచ్చిన నాడు కట్ట వెనుక నీరు పేరుకొనును. తూము మిక్కిలి వెడల్పైనచో నీరు సుఖముగా సాగిపోవును గాని, దానికి దూకుడుండదు. టర్బో చక్రమునకు పొగను చేర్చు మార్గము కూడ ఇట్టిదే. అది ఇరుకైనచో ఇంజను నెమ్మదిగా నడచునప్పుడే చక్రము చురుకుగా తిరిగి గాలి నందించును; కాని వేగము హెచ్చినప్పుడు పొగ వెలుపలికి పోలేక వెనుకకు తన్నును. మెకానిక్కులు బ్యాక్ ప్రెషర్ అనునది ఇదియే. పిస్టను తన బలములో కొంత భాగమును ఆ పొగను గెంటుటకే వెచ్చింపవలసి వచ్చును. మార్గము వెడల్పైనచో ఈ ఎదురొత్తిడి తగ్గును గాని, లారీకి బలము కావలసిన క్షణమున చక్రము బద్ధకించును. లోనికి నెట్టు ఒత్తిడి, వెలుపల ఎదురించు ఒత్తిడి - ఈ రెంటికిని పొత్తు కుదుర్చుటయే బ్యూకి జీవితకార్యమైనది.

స్వస్థలమునకు మరలివచ్చి సుల్జర్ సంస్థలో డీజిల్ పరిశోధనలు సాగించినాడు. 1911లో ఆ సంస్థ ఇందుకొరకు ప్రయోగశాల నేర్పరచినది. 1915లో తొలి నమూనా సిద్ధమైనది గాని, గాలి ఒత్తిడి నిలుకడగా నిలువలేదు, ఆదరణ లభింపలేదు. ఆ సంవత్సరముననే సహకారము కోరి బ్రౌన్ బొవేరి సంస్థను ఆశ్రయించినాడు, ఫలితము లేకపోయినది. ఐనను ఆయన చేతులు ముడుచుకొనలేదు. లోని గాలి ఒత్తిడి వెలుపలి పొగ ఒత్తిడిని మించిననాడే సిలిండరు శుభ్రపడునని ఆయన గ్రహించినాడు. పొగద్వారము మూయక మునుపే గాలిద్వారము తెరచినచో, చల్లని గాలి లోనికి వచ్చి మిగిలిన పొగను ఊడ్చివేయును. ఒత్తిడుల వరుస తారుమారైనచో పొగయే గాలిదారిలోనికి చొరబడును.

ఈలోగా ఇతరులును ఈ మార్గమున నడచినారు. ఫ్రాన్సులో రాతో పండితుడును, అమెరికాలో శాన్‌ఫర్డ్ మాస్ అను ఇంజనీరును విమానముల కొరకు ఇట్టి యంత్రములు నిర్మించినారు. 1918లో మాస్ పద్నాలుగువేల అడుగుల పైచిలుకు ఎత్తుగల పైక్స్ పీక్ శిఖరముపై పలుచని గాలిలో విమానపు ఇంజనును నడిపి, దాని బలము తగ్గకుండ నిలిపి చూపినాడు.

ఎట్టకేలకు 1923లో బ్రౌన్ బొవేరి సంస్థతో బ్యూకికి ఒడంబడిక కుదిరినది. మన మంజీరానదిపై నిజాంసాగరు నిర్మాణము మొదలైనది కూడ ఆ సంవత్సరమే. 1925లో ఆయన తన రెండవ గొప్ప ఊహకు రూపమిచ్చినాడు. సిలిండరుల పొగ నంతటిని ఒకే గొట్టములో కలిపినచో, ఒకదాని పొగ మరొకదానికి అడ్డు తగులును. కావున ఒకదాని కొకటి అడ్డురాని సిలిండరులను జతపరచి, జతకొక గొట్టము నమర్చినాడు. పొగ అలలు అలలుగా వచ్చి చక్రమును తాకును. అలకును అలకును నడుమ ఒత్తిడి తగ్గును. ఆ సందున గాలి సిలిండరును కడిగివేయును. ప్రాయిసెన్, హాన్సెస్టాట్ డాన్‌జిగ్ అను జర్మను ఓడలలోని పది సిలిండరుల ఇంజనులకు ఈ యంత్రములు తగిలింపగా, 1750 అశ్వశక్తులు 2500కు పెరిగినవి. ఇంజను మారలేదు, ఊపిరి మారినది.

ఓడల నుండి టర్బో లారీలకు దిగివచ్చినది. 1938లో స్విట్జర్లండుకు చెందిన సౌరర్ సంస్థ టర్బో గల లారీ ఇంజనును నిర్మించినది. 1952లో అమెరికాలోని ఇండియానాపొలిస్ పందెమున కమిన్స్ సంస్థవారి టర్బో డీజిల్ కారు అందరికంటె ముందు నిలిచి పందెము నారంభించినది. కాని గాలి పీల్చు ద్వారమున పందెపు బాట చెత్త చిక్కుకొని డెబ్బదియొకటవ చుట్టులో ఆగిపోయినది. ఎంతటి యంత్రమైనను శుభ్రమైన గాలి లేనిదే నిలువదు. 1954లో వోల్వో టర్బో లారీ వెలువడినది.

నేటి లారీ టర్బో నిమిషమునకు లక్ష చుట్ల పరిసరమున తిరుగును. దాని క్షేమమును తెలిపెడివి కూడ బ్యూకి తూచిన ఆ రెండు ఒత్తిడులే. నిండు బరువుతో ఎత్తెక్కునప్పుడు బూస్టు ముల్లు వాడుకగా చేరు గుర్తును చేరలేదన్నచో, గాలి వడపోత మూసికొనిపోయినదో, రబ్బరు గొట్టము చిట్లినదో, చక్రమే అరిగినదో వెదుకవలెను. నల్లని పొగయు, పొగ వేడి పెరుగుటయు అందుకు తోడు సాక్ష్యములు. బూస్టు సరిగానే యుండి టర్బోకు ముందు పొగ ఒత్తిడి దానికి రెట్టింపైనచో, టర్బో ఇరుకైనదని గాని, దాని తరువాతి మార్గము మసితో పూడినదని గాని అనుమానింపవలెను. 2020 ఏప్రిల్ నుండి మన దేశమున అమలైన భారత్ స్టేజి ఆరు నిబంధనల వలన లారీలకు మసివడపోతలు చేరినవి. వానికి ముందు, వెనుక గల ఒత్తిడిని యంత్రమే కనిపెట్టుచున్నది. ఈ సంగతు లెరుగక, పెద్ద టర్బో తగిలించిన పెద్ద బలము వచ్చునని భ్రమించుట ధనమును, ఇంజనును గూడ పోగొట్టుకొనుటయే.

తాను చదివిన పాలిటెక్నిక్ బ్యూకిని గౌరవ డాక్టరేటుతో సత్కరించినది. 1959 అక్టోబరు 27వ తేదీన, ఎనుబదియవ యేట, పుట్టిన పట్టణముననే ఆయన కన్నుమూసినాడు. ఇరువదియారేండ్ల ప్రాయమున వెలిగిన ఊహ నలుబదియారవ యేట గాని ఫలింపలేదు. ఆ ఇరువది సంవత్సరములును ఆయన ఊహను మార్చుకొనలేదు, కొలతలను మార్చుకొనుచు పోయినాడు. పరీక్ష తప్పినంతనే చదువు తనకు పనికిరాదనుకొను విద్యార్థికి ఈ భేదము బోధపరచవలసిన బాధ్యత ఉపాధ్యాయులది.