అరుళానందస్వామి

మన తిరుమంగళమునకు తూర్పున, రామనాథపుర సీమలో ఓరియూరను పల్లె కలదు. అచటి ఎఱ్ఱని ఇసుకను భక్తులు కన్నుల కద్దుకొందురు. అది ఒక సన్న్యాసి నెత్తురుచే ఎఱ్ఱబడినదని వారి నమ్మిక. ఆ సన్న్యాసి చరిత్రమును మా విద్యార్థులకు చెప్పదలచితిమి.

ఆయన పేరు జాన్ డి బ్రిట్టో. 1647వ సంవత్సరమున పోర్చుగల్ రాజధానియగు లిస్బన్‌లో గొప్ప కుటుంబమున జన్మించెను. బాల్యమున రాజకుమారుడగు పెడ్రోకు సహచరుడై అంతఃపురమున పెరిగెను. కోరిన భోగములు చేతికందు చుండగా, 1662లో వానిని విడిచి యేసుసభలో చేరెను. తల్లి వలదన్నను 1673లో హిందూదేశమునకు ఓడనెక్కెను.

అప్పుడు మధురను తెలుగు నాయకరాజులు ఏలుచుండిరి. మన పూర్వులలో అనేకులు ఆ కాలపు వలసలలో ఇచటికి వచ్చినవారే. బ్రిట్టో తమిళము నేర్చి, కావివస్త్రము ధరించి, మాంసము మాని, అరుళానందుడను పేర పల్లెపల్లెకు కాలినడకను తిరిగెను.

1686లో మఱవసీమ అధికారులు ఆయనను బంధించి హింసించిరి. శివనామ ముచ్చరించిన విడిచెదమనిరి. ప్రాణభీతిచే, మనసులో లేని మాటను నోట పలుక నాయన సమ్మతింపలేదు. తుదకు రామనాథపుర ప్రభువగు కిళవన్ సేతుపతి, తన సీమలో మత మిక బోధింపరాదని యాజ్ఞాపించి విడిచిపుచ్చెను.

తరువాత సభవారు ఆయనను ఐరోపాకు పంపిరి. బాల్యమిత్రుడగు పెడ్రో అప్పటికి రాజు. తన కుమారునికి గురువుగా నుండుమని నిలుపజూచెను. కొరడాదెబ్బకు లొంగని వాడును మిత్రుని మన్ననకు లొంగుట లోకమున కలదు. కావున ఇదియే కఠినతరమైన శోధన యని మా తలంపు. ఆయన దానిని కాదని 1690లో మరల మన దేశమునకు వచ్చెను.

మఱవసీమలో తడియతేవరను రాజబంధువు రోగవిముక్తుడై క్రైస్తవుడగుటకు కోరెను. ఆయనకు భార్యలు పలువురు. అంతటి వానిని చేర్చుకొన్న మతమునకు బలము కలుగును. ఒక నియమమును చూచీచూడనట్లు విడిచిన చాలును. అరుళానందుడు అట్లు చేయక, మొదటి భార్యను మాత్రమే ఏలుకొనవలెనని శాసించెను. తేవరు అంగీకరించెను. విడువబడిన స్త్రీల దుఃఖమును మనము తేలికగా నెంచరాదు. వారిలో కడపటి యామె సేతుపతికి బంధువు. ఆమె మొఱ పెట్టుకొనగా సేతుపతి ఆగ్రహించెను. 1693 ఫిబ్రవరి 4వ తేదీన ఓరియూరులో అరుళానందుని శిరస్సు ఖండింపబడెను. రోమను సభ 1947లో ఆయనను పునీతునిగా ప్రకటించెను.

విద్యార్థులారా, మీలో పలుమతములవారు కలరు. ఈ కథ ఒక మతమువారిదే యని తలపకుడు. శోధన యెల్లప్పుడు కత్తి పట్టి రాదు. స్నేహితుని రూపమునను, లాభము రూపమునను వచ్చును. ఈ ఒక్కసారికి తప్పులేదని చెవిలో చెప్పును. పరీక్షాశాలలో ప్రక్కవాని కాగితము వంక చూపు మరలునప్పుడు వినవచ్చు పలుకును అదియే. అప్పుడు కాదనగల వానికే, పెద్ద శోధన వచ్చిననాడును కాదను బలము కలుగును.