చంద్రుడి లెక్క తెలిసిన మనిషి

పోయిన కార్తీక పౌర్ణమి రాత్రి మా హాస్టల్ మేడ మీద ఎనిమిది మందిమి ఫోన్లు పైకెత్తి నిలబడ్డాం. ఎవరి ఫోన్లో చూసినా చంద్రుడు కర్పూరం బిళ్ళలా తెల్లగా ఉన్నాడు, మచ్చ అన్నదే లేదు. తప్పు ఎక్కడుందో తెలుసుకోవాలని వెతుకుతుంటే నాకు ఆన్సెల్ ఆడమ్స్ కథ దొరికింది. అదే మీతో చెప్పుకుంటున్నాను.

ఆయన 1902 ఫిబ్రవరి 20న అమెరికాలోని శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు. నాలుగేళ్ళప్పుడు, 1906 భూకంపం తర్వాత వచ్చిన ప్రకంపనకి తోట గోడకి కొట్టుకుని ముక్కు విరిగింది. అది జీవితాంతం వంకరగానే ఉండిపోయింది. బడి ఆయనకి సరిపడలేదు. పన్నెండేళ్ళకి తండ్రి మానిపించి ఇంట్లోనే చదివించారు. ఆ వయసులోనే పియానో పట్టుకున్నారు. 1916లో యోసెమిటీ లోయకి వెళ్ళినప్పుడు తల్లిదండ్రులు ఒక బాక్స్ బ్రౌనీ కెమెరా కొనిచ్చారు. పియానోనా, కెమెరానా అని చాలా ఏళ్ళు ఊగిసలాడి, చివరికి కెమెరా వైపే వచ్చారు.

1940 ప్రాంతంలో ఫ్రెడ్ ఆర్చర్‌తో కలిసి ఆయన జోన్ సిస్టమ్ అనే పద్ధతి తయారుచేశారు. నలుపు నుంచి తెలుపు దాకా వెలుగుని మెట్లుగా విడగొట్టి, ఏ వస్తువు ఫోటోలో ఏ మెట్టు మీద ఉండాలో ముందే నిర్ణయించుకోవడం అన్నమాట.

ఆ పద్ధతికి అసలు పరీక్ష 1941లో వచ్చింది. న్యూ మెక్సికోలో పగలంతా తిరిగినా మంచి ఫోటో పడలేదు. కొడుకు మైకేల్, స్నేహితుడు సెడ్రిక్ రైట్‌తో కారులో తిరిగొస్తుంటే హెర్నాండెజ్ అనే చిన్న ఊరు కనిపించింది. మంచు కొండల పైన చంద్రుడు, కింద సమాధుల తెల్లని శిలువల మీద చివరి ఎండ. గబగబా కారు ఆపి పెద్ద కెమెరా నిలబెట్టారు. తీరా చూస్తే వెలుగు కొలిచే మీటరు కనబడలేదు!

వెతికే టైము లేదు. అప్పుడు ఆయనకి ఒక అంకె గుర్తొచ్చింది: చంద్రుడి వెలుగు చదరపు అడుగుకి 250 క్యాండిల్స్. దాన్ని ఏడో మెట్టు మీద పెట్టి లెక్క కట్టారు. 64 వేగం ఫిల్ముకి ఎఫ్ 8 దగ్గర సెకనులో 60వ వంతు చాలు. ముదురు పసుపు ఫిల్టర్ ఉంది కాబట్టి మూడు రెట్లు పెంచాలి. దగ్గరవీ దూరానివీ స్పష్టంగా రావాలని రంధ్రాన్ని ఎఫ్ 32కి తగ్గించారు కాబట్టి సుమారు ఒక సెకను. తీశారు. జాగ్రత్త కోసం ఇంకొకటి తీద్దామని ఫిల్ము హోల్డరు తిప్పేలోపే శిలువల మీద ఎండ పోయింది. మిగిలింది ఆ ఒక్క నెగటివే.

అదీ సులువుగా లొంగలేదు. చంద్రుడు బాగానే వచ్చాడు గానీ కింది భాగం పలచగా పడింది. 1948లో దాన్ని రసాయనాలతో గట్టిపరిచారు. ఏళ్ళ తరబడి చీకటి గదిలో కుస్తీ పడుతూ 1300కి పైగా ప్రింట్లు వేశారు. 1984 ఏప్రిల్ 22న కన్నుమూశారు.

ఇంత లెక్క మనిషి ఆ ఫోటో తీసిన తేదీ మాత్రం రాసుకోలేదు! ఒకచోట 1940 అన్నారు, ఇంకోచోట 1944. చివరికి ఖగోళ పరిశోధకులు చంద్రుడున్న చోటుని బట్టి 1941 నవంబర్ 1 సాయంత్రం అని తేల్చారు. పంచాంగం ప్రకారం చూస్తే అది కార్తీక పౌర్ణమికి రెండు మూడు రోజుల ముందు. అంటే మనం ఎదురుచూసే కార్తీక చంద్రుడే!

నా తప్పు కూడా దొరికింది. చంద్రుడంటే ఎండలో ఉన్న రాయి. రాత్రి కదా అని ఫోను నల్లటి ఆకాశాన్ని చూసి వెలుగు పెంచేస్తుంది, చంద్రుడు తెల్లగా మాడిపోతాడు. కెమెరా ఉన్నవాళ్ళు నిండు చంద్రుడికి ఐఎస్ఓ 100, ఎఫ్ 11, సెకనులో 100వ వంతు దగ్గర మొదలుపెట్టండి. ఫోనైతే చంద్రుడి మీద వేలు పెట్టి వెలుగు తగ్గించండి. ఈ అంకెలు నేను నోటికి నేర్చుకున్నాను. వచ్చే పౌర్ణమికి మేడ మీద కలుద్దాం. తేదీ రాసుకోవడానికి పుస్తకం నేను తెస్తాను.