గోల్కొండ నమ్మినబంటు అబ్దుల్ రజాఖ్ లారీ

మొన్న పెదవేగిలో జుహర్ నమాజు తర్వాత కొందరు యువకులు మా చుట్టూ చేరారు. దైవప్రవక్త (స) వారికి సౌర్ గుహలో హజ్రత్ అబూ బకర్ సిద్దీఖ్ (రజి) తోడుగా నిలిచిన వృత్తాంతం అప్పుడే ముగించాము. అలాంటి తోడు మన గడ్డ మీద ఎవరికైనా దొరికిందా అని ఒకరు అడిగారు. సహాబాలకు సాటి ఎవరూ రారు. అయినా మేము అబ్దుల్ రజాఖ్ లారీ పేరు చెప్పాము. లారీ అనగానే పిల్లలు నవ్వారు. అది ఇరాన్‌లోని లార్ పట్టణాన్ని బట్టి వచ్చిన పేరు.

ఏలూరు సీమ ఒకప్పుడు గోల్కొండ సుల్తానుల ఏలుబడిలోనిది. వారిలో చివరివారు అబుల్ హసన్ తానీషా. 1687 ఆరంభంలో ఔరంగజేబ్ పాదుషా గోల్కొండను ముట్టడించారు. ఇరువైపులా కల్మా చదివినవారే. ఎవరిది న్యాయమన్న చర్చ ఇక్కడ మా ఉద్దేశం కాదు. నెలలు గడిచేకొద్దీ తానీషా అమీర్లు పదవులకు, ధనానికి ఆశపడి ఒక్కొక్కరే అటు వెళ్ళిపోయారు. లారీకి కూడా పెద్ద మన్సబు ఇస్తామని ఫర్మానా వచ్చింది. ఆయన దాన్ని బురుజు మీద అందరూ చూస్తుండగా చించి పారేశారు. కర్బలా వీరుల్లాగే ప్రాణం పోయేదాకా పోరాడతానని కబురు పంపారు.

చివరికి తానీషా పక్కన మిగిలిన పెద్ద అమీర్లు ఇద్దరే: లారీ, అబ్దుల్లా ఖాన్ పనీ. ఇద్దరూ తిన్నది ఒకే ఉప్పు, ఇద్దరినీ సుల్తాను ఒకేలా నమ్మారు. సెప్టెంబరు 21న తెల్లవారకముందే పనీ లోపలి నుంచి కోట తలుపు తెరిచాడు. అల్లాహ్ అలాంటి సహచరుడి నుంచి మనల్ని కాపాడుగాక! కేకలు విని లారీ జీను కూడా వేయని గుర్రమెక్కి, పది పన్నెండు మందితో మొగలు సేనకు ఎదురెళ్ళారు. ఆయనకు 70కి పైగా గాయాలయ్యాయని చరిత్రకారుడు ఖాఫీ ఖాన్ రాశారు. నుదుటి చర్మం తెగి కళ్ళ మీదికి వేలాడింది. గుర్రమే ఆయన్ను ఒక తోటలోకి మోసుకెళ్ళింది. మర్నాడు కొబ్బరిచెట్టు కింద కొన ఊపిరితో కనిపించారు.

ఔరంగజేబ్ ఆ విశ్వాసాన్ని మెచ్చి, హకీములను నియమించి వైద్యం చేయించారు. కోలుకోగానే కొలువు ఇస్తామన్నారు. తానీషా ఉప్పు తిన్న ఒళ్ళు మరొకరిని కొలవలేదని లారీ మంచం మీది నుంచే జవాబిచ్చారు. జీతం కోసమే కొలువు చేసేవాడైతే, గెలిచిన పాదుషా పిలిచాక కాదంటాడా? ఇది స్నేహం కాకపోతే మరేమిటో మాకు తెలియదు.

తర్వాత ఆయన మొగలు మన్సబు స్వీకరించిన మాట నిజమే. అయితే విశ్వాసం ఏమైనట్టు అని ఒక కుర్రవాడు నిలదీశాడు. అప్పటికి కాపాడటానికి గోల్కొండ లేదు, తానీషా దౌలతాబాద్ కోటలో బందీ. కాపాడే వీలున్నంతవరకు లారీ కదలలేదు, మేము చూసేది అదే. ఆ కుర్రవాడు మాత్రం ఒప్పుకోలేదు.

తానీషా ఆ చెరలోనే సుమారు 12 ఏళ్ళు గడిపి కన్నుమూశారు. గోల్కొండలోని కుతుబ్ షాహీ సమాధుల మధ్య ఆయనకు చోటు దక్కలేదు.