ఇద్దరూ ఒకేసారి రాస్తే ఏమవుతుంది?

బీటెక్ ఫైనలియర్‌లో నా రెండో టెక్నికల్ ఇంటర్వ్యూ. కాలేజీ ఫెస్ట్ కోసం రాసిన రిజిస్ట్రేషన్ ప్రోగ్రామ్‌ను రెజ్యూమెలో గొప్పగా పెట్టుకున్నా. పేరు నమోదు చేసుకున్న ప్రతి ఒక్కరికీ అది ఒక టోకెన్ నంబరు ఇస్తుంది. చివరిగా ఇచ్చిన నంబరును క్లాస్‌లో స్టాటిక్ వేరియబుల్‌గా దాచాను. ఎన్ని ఆబ్జెక్టులు తయారైనా వాటన్నిటికీ వేరియబుల్ ఒక్కటే కాబట్టి నంబరు రిపీట్ కాదు. ఇంతవరకూ బాగానే చెప్పా.

ఇదే ప్రోగ్రామ్‌ను ఒకే కంప్యూటర్‌లో రెండుసార్లు ఓపెన్ చేస్తే ఏమవుతుందని ఇంటర్వ్యూయర్ అడిగారు. స్టాటిక్ కదా, అప్పుడూ షేర్ అవుతుందని ధీమాగా చెప్పేశా. అది తప్పు. నడుస్తున్న ప్రతి కాపీకీ దాని మెమరీ దానిదే. ఒక కాపీలోని స్టాటిక్ వేరియబుల్ రెండో కాపీకి కనిపించనే కనిపించదు. ఆయన చిన్న హింట్ ఇస్తే, నంబరును ఫైల్‌లో పెడతానన్నా. రెండు కాపీలూ ఒకే క్షణంలో ఆ ఫైల్ చదివితే ఎలా అన్నారు. నా దగ్గర మాట లేదు. ఉద్యోగమూ రాలేదు.

ఆ రాత్రి ఆ ప్రశ్న ఎక్కడిదా అని వెతుకుతూ పోతే ఒక డచ్ ప్రోగ్రామర్ దగ్గర తేలాను. ఆయన ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా. షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ వల్ల ఆ పేరు మనందరికీ తెలుసు. కానీ నన్ను ఇంటర్వ్యూలో పడగొట్టిన ప్రశ్నకు గట్టి సమాధానం కట్టిందీ ఆయనే అని అప్పటిదాకా నాకు తెలియదు.

లా అనుకుంటే ఫిజిక్స్, ఫిజిక్స్ అనుకుంటే ప్రోగ్రామింగ్

డైక్‌స్ట్రా 1930 మే 11న నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో పుట్టారు. తండ్రి కెమిస్ట్రీ టీచర్, తల్లి గణితం చదువుకున్నావిడ. స్కూల్లో ఉండగా లా చదివి ఐక్యరాజ్యసమితిలో దేశం తరఫున పనిచేయాలన్నది ఆయన ఆలోచన. సైన్స్, గణితంలో మార్కులు బాగా రావడంతో దారి మారి లైడెన్ యూనివర్సిటీలో థియరిటికల్ ఫిజిక్స్‌కి వెళ్లారు.

1951లో కేంబ్రిడ్జ్‌లో ప్రోగ్రామింగ్‌పై మూడు వారాల కోర్సు ఉందని తండ్రి చూసి చెప్పారు. ఫిజిక్స్‌కి పనికొస్తుందని వెళ్లారు. దాంతో మరుసటి ఏడాది మార్చిలో ఆమ్‌స్టర్‌డామ్‌లోని మ్యాథమెటికల్ సెంటర్‌లో పార్ట్‌టైమ్ ఉద్యోగం దొరికింది. ప్రోగ్రామర్ హోదాతో జీతం తీసుకున్న తొలి డచ్ వ్యక్తి ఆయనే.

మూడేళ్లు రెండు పడవల ప్రయాణం. ఫిజిక్స్‌కి శతాబ్దాల పునాది ఉంది. ప్రోగ్రామింగ్‌కి అప్పటికి అలాంటి పునాది లేదు. రేపు ఎవరైనా నువ్వేం చదివావని అడిగితే చెప్పుకోవడానికి ఏముందన్నది ఆయన బెంగ. ఆ బెంగతోనే 1955లో తన పైఅధికారి వాన్ వైన్‌గార్డెన్‌ను కలిశారు. కంప్యూటర్లు ఎక్కడికీ పోవని, ప్రోగ్రామింగ్‌కి ఆ గౌరవం తెచ్చేవాళ్లలో నువ్వే ఒకడివి కావచ్చు కదా అని పెద్దాయన సర్దిచెప్పారు. ఆ గదిలోంచి బయటికి వచ్చేసరికి నిర్ణయం అయిపోయింది. మన కోర్సుకి స్కోప్ ఉందా అని రోజూ తలపట్టుకునే మనకు ఈ సీన్ కొత్తేం కాదు.

మరుసటి ఏడాది కాబోయే భార్య మరియాతో షాపింగ్‌కి వెళ్లి, అలసిపోయి ఒక కేఫ్‌లో కూర్చున్నారు. పెన్ను, కాగితం లేకుండా 20 నిమిషాల్లో షార్టెస్ట్ పాత్ అల్గారిథమ్ ఆలోచించేశారు. అది అచ్చయింది మాత్రం 1959లో. ఈ మధ్యలో, 1957లో, పెళ్లి. రిజిస్టర్‌లో వృత్తి దగ్గర ప్రోగ్రామర్ అని రాస్తే అధికారులు ఒప్పుకోలేదు. అలాంటి ఉద్యోగమే లేదన్నారు. చివరికి థియరిటికల్ ఫిజిసిస్ట్ అని రాయాల్సి వచ్చింది.

భయపెట్టిన మెషీన్

మన ప్రశ్నకు బీజం ఆ రోజుల్లోనే పడింది. సెంటర్‌లో ఆయన సహచరులు ఎక్స్1 అనే కొత్త కంప్యూటర్‌ను డిజైన్ చేస్తున్నారు. అందులో ఇంటరప్ట్ అనే సదుపాయం పెడదామన్నారు. అంటే ప్రింటరో, టేప్ రీడరో తన పని ముగించగానే, ప్రాసెసర్ చేస్తున్న పనిని మధ్యలో ఆపి తనవైపు తిప్పుకోగలదు. ఏ క్షణంలో ఆపుతుందో ముందుగా ఎవరూ చెప్పలేరు.

డైక్‌స్ట్రాకి వణుకు పుట్టింది. అప్పటిదాకా ప్రోగ్రామ్‌లో తప్పుంటే మళ్లీ నడిపి పట్టుకోవచ్చు. అదే ఇన్‌పుట్ ఇస్తే అదే తప్పు వస్తుంది. ఇంటరప్ట్ వస్తే ఆ భరోసా పోతుంది. ఇవాళ వచ్చిన తప్పు రేపు రాదు, ఎల్లుండి ఇంకోచోట వస్తుంది. కొన్ని నెలలపాటు ఒప్పుకోకుండా సాగదీశారు. చివరికి సరేననక తప్పలేదు. ఆ ఇంటరప్ట్‌లను నమ్మకంగా నడిపే ప్రోగ్రామ్‌ను ఆయనే రాశారు. 1959లో డాక్టరేట్ వచ్చింది ఆ పనికే.

ఆయన భయం ఎంత న్యాయమైనదో నా టోకెన్ ఫైల్‌తోనే చూద్దాం. ఫైల్‌లో 41 ఉంది. మొదటి కాపీ 41 చదివింది. అది 42 రాసేలోపే రెండో కాపీ కూడా 41 చదివింది. ఇద్దరూ ఒకటి కలిపారు, ఇద్దరూ 42 రాశారు. ఇద్దరు విద్యార్థులకు ఒకే టోకెన్. ఒక నమోదు గల్లంతు. ఇంట్లో వందసార్లు నడిపినా ఇది కనపడకపోవచ్చు. ఫెస్ట్ రోజు క్యూ పెరిగినప్పుడే బయటపడుతుంది. దీన్నే రేస్ కండిషన్ అంటాం. ఫైల్ బదులు రైలు సీటు, బ్యాంకు బ్యాలెన్స్ పెట్టుకుని ఆలోచించండి, ఎంత నష్టమో తెలుస్తుంది.

రైలు సిగ్నల్ నుంచి సెమాఫోర్

చదవడం, కలపడం, రాయడం అనే మూడు పనులూ ఒకరివి ముగిసేదాకా ఇంకొకరు లోపలికి రాకూడదు. వినడానికి తేలికే. కానీ తాళం ఖాళీగా ఉందా అని చూడటం, తాళం వేయడం కూడా రెండు పనులే కదా. ఆ రెండింటి మధ్య ఇంకొకరు దూరితే? డైక్‌స్ట్రా ఈ చిక్కుముడిని సెంటర్‌లోని సహచరుల ముందు పెట్టారు. ఇద్దరి విషయంలో డెకర్ అనే గణితవేత్త పరిష్కారం చూపించారు. ఎంతమంది ఉన్నా పనిచేసే పరిష్కారాన్ని డైక్‌స్ట్రా 1965లో ప్రచురించారు. ఆ పేపర్ నిడివి ఒక్క పేజీ!

అయితే ఆ పద్ధతిలో లోపలికి రావాల్సినవాడు ఖాళీ అయిందా, ఖాళీ అయిందా అని అడుగుతూనే ఉండాలి. ప్రాసెసర్ టైమ్ వృథా. 1962లో ఐండ్‌హోవెన్ టెక్నికల్ యూనివర్సిటీకి గణిత ప్రొఫెసర్‌గా వెళ్లాక దీనికి చక్కటి మార్గం కనిపెట్టారు. పాతకాలం రైల్వే రెక్క సిగ్నల్‌కి ఉన్న పేరే దానికి పెట్టారు, సెమాఫోర్ అని.

మన సింగిల్ లైన్ రైలు మార్గాల్లో ఉన్న టోకెన్ పద్ధతి గుర్తు తెచ్చుకోండి. స్టేషన్ మాస్టర్ టోకెన్ చేతికిస్తేనే డ్రైవర్ ముందుకు కదలాలి. ఆ సెక్షన్‌కి బయట ఉన్న టోకెన్ ఒక్కటే కాబట్టి రెండు రైళ్లు ఎదురెదురు రావు. సెమాఫోర్ కూడా దాదాపు అంతే. అదొక సంఖ్య. లోపలికి వెళ్లేవాడు దాన్ని ఒకటి తగ్గిస్తాడు. తగ్గించడానికి మిగల్లేదంటే నిద్రపోతాడు. బయటికి వచ్చేవాడు ఒకటి పెంచుతాడు, నిద్రపోతున్నవాళ్లలో ఒకరు లేస్తారు. ఈ తగ్గించడం, పెంచడం మధ్యలో ఎవరూ దూరలేరని సిస్టమ్ హామీ ఇస్తుంది. ఈ రెండు పనులకూ డైక్‌స్ట్రా డచ్ మాటల నుంచి పీ, వీ అని పేర్లు పెట్టారు. లైనక్స్‌లో సెమ్ వెయిట్, సెమ్ పోస్ట్, జావాలో ఎక్వైర్, రిలీజ్ అని మీరు రాసేవి అవే.

ఐదుగురు, ఐదు ఫోర్కులు

తాళం ఉన్నంత మాత్రాన కష్టాలు తీరవని కూడా ఆయనే చూపించారు. 1965లో విద్యార్థులకు ఒక పరీక్ష ప్రశ్న ఇచ్చారు. ఐదు కంప్యూటర్లు టేప్ డ్రైవుల కోసం పోటీపడుతున్నాయన్నది సారాంశం. తర్వాత టోనీ హోర్ దాన్ని భోజనం బల్ల దగ్గరికి మార్చారు. ఐదుగురు తత్వవేత్తలు గుండ్రటి బల్ల చుట్టూ కూర్చున్నారు. ఇద్దరిద్దరి మధ్య ఒక ఫోర్కు. తినాలంటే రెండు కావాలి. అందరూ ఒకేసారి ఎడమవైపు ఫోర్కు తీసుకుంటే కుడివైపుది ఎవరికీ దొరకదు. ఎవరూ వదలరు, ఎవరూ తినరు. అదే డెడ్‌లాక్. మన భాషలో ధృతరాష్ట్ర కౌగిలి అనుకోవచ్చు. పట్టుకుంటే వదలడం ఉండదు.

డైక్‌స్ట్రా చెప్పిన విరుగుడు చాలా సింపుల్. ఫోర్కులకు నంబర్లు ఇవ్వండి. ప్రతి ఒక్కరూ చిన్న నంబరు ఉన్నదాన్నే ముందు తీసుకోవాలి. అప్పుడు చుట్టూ తిరిగే ఎదురుచూపు ఏర్పడనే ఏర్పడదు. ఇవాళ్టికీ ప్రోగ్రామర్లు ఒకటికి మించి లాకులు తీసుకునేటప్పుడు పాటించే నియమం ఇదే.

మెచ్చుకున్నది బయటివాళ్లే

ఈ ఆలోచనలన్నీ కలిపి ఐండ్‌హోవెన్‌లో ఒక ఆపరేటింగ్ సిస్టమ్ కట్టారు. యూనివర్సిటీ పేరులోని పొడి అక్షరాలతో దాన్ని టీహెచ్ఈ అంటారు. ఆరుగురికి మించని టీమ్, అదీ సగటున సగం టైమే. ఒక్కో పొరనూ కింది పొర మీద కడుతూ, తప్పు జరగదని ముందే తర్కంతో తేల్చుకుంటూ వెళ్లారు. దాంతో టెస్టింగ్‌లో బయటపడినవి చిల్లర కోడింగ్ పొరపాట్లే. అలాంటివి దాదాపు 500 ఇన్‌స్ట్రక్షన్లకు ఒకటి. ఒక్కోటి పట్టుకోవడానికి పది నిమిషాలు చాలాయి.

ఇంత చేసినా సొంత డిపార్ట్‌మెంట్‌కి నచ్చలేదు. కంప్యూటర్ల పని గణిత శాఖకు సంబంధించింది కాదని ఆయన కట్టుకున్న టీమ్‌ను రద్దు చేశారు. 1968లో డైక్‌స్ట్రా తీవ్రమైన డిప్రెషన్‌లోకి వెళ్లిపోయారు. తర్వాత ఏం చేయాలో కూడా తోచని రోజులవి. బయటపడటానికి రాయడం మొదలుపెట్టారు. అలా వచ్చిందే స్ట్రక్చర్డ్ ప్రోగ్రామింగ్ మీద ఆయన రాసిన ప్రసిద్ధ వ్యాసం. 1972లో ట్యూరింగ్ అవార్డు ఇంటికొచ్చింది.

1973 నుంచి బరోస్ కంపెనీకి రీసెర్చ్ ఫెలోగా, ఎక్కువగా న్యూనెన్‌లోని ఇంటి నుంచే పనిచేశారు. 1984లో అమెరికాలోని టెక్సాస్ యూనివర్సిటీకి, ఆస్టిన్‌కి వెళ్లి 1999 వరకు పాఠాలు చెప్పారు. ఇంత చేసినాయన చాలాకాలం కంప్యూటర్ ముట్టుకోకుండానే గడిపారు. ఫౌంటెన్ పెన్నుతో, కొట్టివేతలు లేని దస్తూరీతో 1300కు పైగా వ్యాసాలు రాసి, నంబర్లు వేసి, జిరాక్స్ తీయించి మిత్రులకు పోస్టులో పంపేవారు. 2002 ఆగస్టు 6న న్యూనెన్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. డిస్ట్రిబ్యూటెడ్ కంప్యూటింగ్‌లో ఉత్తమ పేపర్లకు ఇచ్చే అవార్డును మరుసటి ఏడాది నుంచి డైక్‌స్ట్రా ప్రైజ్ అంటున్నారు.

మీ ఇంటర్వ్యూకి ముందు

- స్టాటిక్ వేరియబుల్‌ను ఒకే ప్రాసెస్‌లోని ఆబ్జెక్టులు, థ్రెడ్లు పంచుకుంటాయి. థ్రెడ్లు ఒకటికి మించి ఉంటే దానికీ లాక్ కావాలి.
- రెండు ప్రాసెస్‌ల మెమరీ వేర్వేరు. డేటా పంచుకోవాలంటే ఫైల్, షేర్డ్ మెమరీ, డేటాబేస్ లాంటి ఉమ్మడి చోటు కావాలి. ఎక్కడ పెడతారో చెప్పి ఆగిపోకండి. ఒకరు రాస్తుండగా మరొకరు ఎలా ఆగుతారో కూడా చెప్పండి.
- మ్యూటెక్స్ అంటే ఒక్కరికే తాళం, వేసినవాళ్లే తీయాలి. సెమాఫోర్ ఒక లెక్క. ఐదు కనెక్షన్లుంటే ఐదుగురిని లోపలికి పంపగలదు.
- లాకులు ఒకటికి మించి ఉంటే, అందరూ ఒకే వరసలో తీసుకోవాలని చెప్పండి.

ఇవి బట్టీ పట్టేకన్నా ఈ రాత్రి ఒక పని చేయండి. ఫైల్‌లోని సంఖ్యను చదివి, ఒకటి కలిపి, మళ్లీ రాసే చిన్న ప్రోగ్రామ్ రాయండి. దాన్ని పదివేలసార్లు తిరిగే లూప్‌లో పెట్టి, రెండు టెర్మినళ్లలో ఒకేసారి నడపండి. ఇరవై వేలు రావాలి. ఎంత వచ్చిందో చూడండి, మళ్లీ నడిపి మళ్లీ చూడండి. తర్వాత లాక్ పెట్టి నడపండి.

ఆ ఇంటర్వ్యూ అయ్యాక నేను చేసిన మొదటి పని అదే. నా మెషీన్‌లో పనిచేసింది అనే మాట జవాబు కాదని ఆ రాత్రే అర్థమైంది. తర్వాతి కంపెనీ ఇంటర్వ్యూలో అదే ప్రాజెక్టు గురించి అడిగారు. ఈసారి టోకెన్ ఎక్కడ పెట్టానో చెప్పి ఊరుకోలేదు. ఇద్దరూ ఒకేసారి వస్తే ఎవరు ఆగాలో బొమ్మ గీసి చూపించా.