ముందు లెక్క, పిమ్మట కట్టడము

కట్టడము యొక్క క్షేమము పునాదిరాయి పడకమునుపే నిర్ణయమగును. పని మొదలిడిన పిమ్మట దోచిన యాలోచన ధనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణములను గూడ బలిగొనును. ఈ సంగతిని మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి జీవితము విశదపఱచుచున్నది.

వీరి పూర్వులు తెలుగునాటి మోక్షగుండమువారు. వీరు మైసూరు రాజ్యమందలి ముద్దేనహళ్లిలో జనించి, బాల్యముననే తండ్రిని గోల్పోయి, పిల్లలకు జదువుచెప్పుచు దాము చదువుకొనిరి. 1883లో పూనా కళాశాలయందు ఇంజనీరు పరీక్షలో బ్రథములైరి. 1884 మొదలు బొంబాయి ప్రభుత్వపు గొలువులో నీటిపనులందు బేరొందిరి.

వీరు కొలువు విడిచిన 1908వ సంవత్సరముననే, సెప్టెంబరు 28వ తేదీన, మూసీనది హైదరాబాదును ముంచెత్తెను. వేలకొలది జనులు మడిసిరి, వంతెనలు తెగెను. నైజాము ప్రభుత్వమువారు పిలువగా 1909లో విశ్వేశ్వరయ్యగారు వచ్చిరి. అట్టి యాపద పిమ్మట గోడలెత్తుటకు ద్వరపడుట లోకసహజము. వీరట్లు చేయలేదు. మొదట వానలెక్కలను సేకరించిరి; వరద యెంత యెత్తున బాఱెనో, ఎంతనీరు వచ్చెనో గణించిరి. సెకనుకు సుమారు 4,25,000 ఘనపుటడుగుల నీరు వచ్చినదని తేలెను. నగరమున కెగువన నున్న 788 చెఱువులలో 221 గండిపడినవని లెక్కకు వచ్చెను. ఒక చెఱువు తెగి తన నీటిని దిగువచెఱువుపై ద్రోయ, అదియు దెగి, వరద పెరిగినది. కీడు మూలము నగరమున గాక యెగువన నున్నదని యిట్లు స్పష్టమయ్యెను.

కావున మూసీ, ఈసీ నదులపై నెగువన జలాశయములు గట్టి వరదను నిలుపుటయు, నది భరింపగలిగినంత మాత్రమే దిగువకు విడుచుటయు, నగరమున గట్టులను బలపఱచుటయు వీరు సూచించిరి. 1909లోనే వీరు మైసూరునకు బ్రధాన ఇంజనీరుగా వెడలినను బ్రణాళిక నిలిచెను. ఉస్మాన్‌సాగరము 1920లోను, హిమాయత్‌సాగరము 1927లోను బూర్తియైనవి. ఆలోచన కాగితముపై స్థిరపడినచో, కర్త దూరమైనను బని కుంటువడదు.

నూఱేండ్లు నిండిన పిమ్మట, 1962లో, వీరు పరమపదించిరి. 2020 అక్టోబరు వానలలో హైదరాబాదునందు జెఱువుకట్టలు మరల దెగి యిండ్లు మునిగినవి. ఇల్లు గట్టువారును, చెఱువుకట్ట వేయువారును, నగరములను విస్తరింపజేయువారును నీరు ఎచటనుండి వచ్చి యెటు పోవలెనో ముందుగా విచారింపవలెను. ఆ విచారణకగు వ్యయము దుర్వ్యయము గాదు. రాబోవు నష్టమునకు ముందే కట్టిన యానకట్ట.