శాసనమండలిలో ఒక తల్లి

డాక్టర్ ముత్తులక్ష్మీ రెడ్డి 1886లో పుదుక్కోట్టైలో జన్మించారు. తల్లి చంద్రమ్మాళ్ దేవదాసీ కుటుంబీకురాలు. 1912లో మద్రాసులో వైద్యపట్టా పొందిన ముత్తులక్ష్మి, 1927 నాటికి ఇద్దరు బిడ్డల తల్లిగా శాసనమండలిలో ప్రవేశించి, ఉపాధ్యక్షురాలైనారు.

బాలికలను ఆలయాలకు సమర్పించే ఆచారానికి భక్తి ఒక్కటే ఆధారం కాదు, భూమి కూడా. సేవ మానితే మాన్యం పోవును. కనుక తల్లియే కుమార్తెను ఆ సేవకు అప్పగించవలసి వచ్చేది. ఆలయ సంఘీయులమైన మనము ఈ సంగతిని దాచరాదు. ఆమె కృషి ఫలితమైన 1929 నాటి సవరణ ఆ ముడిని విప్పింది: సేవ విడిచినను ఇనాం భూమి ఆ స్త్రీకే దక్కినది.

గాంధీజీ నిర్బంధానికి నిరసనగా 1930లో పదవిని త్యజించి, నిరాశ్రయ బాలికలకై అవ్వై ఇల్లం స్థాపించారు. సమర్పణను పూర్తిగా నిషేధించిన శాసనం 1947లో గాని రాలేదు. నాటి మద్రాసు రాష్ట్రంలోని కోస్తా, రాయలసీమలకును అది వర్తించింది. 1968లో ఆమె కన్నుమూశారు.